రెండు ధాతలు – రెండు మణుగులు

ఈ ఉగాదితో పరాభవ నామ సంవత్సరం వస్తున్నది. పేరు విని బెదరవలసిన పని లేదు. అరువది పేర్లూ వరుసగా తిరిగి తిరిగి వచ్చేవే. కడచిన పరాభవ 1966లో వచ్చింది. అంతకు ముందరిది 1906లో వచ్చింది. ఆ 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారూ, వారి మిత్రులూ హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రను, శాస్త్రాలను తెలుగులో చెప్పటానికి పూనుకొన్నారు. కాబట్టి పేరు ఎటువంటిదైనా ఆ ఏడు మనకు మేలే చేసింది.

ఈ పేర్లు అరువదేండ్లకు ఒకసారి మళ్ళీ వస్తాయని మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసు. తెలిసి ఉండి కూడా నేను ఆ విషయంలోనే ఒక తప్పు చేశాను. ఆ తప్పువల్ల ఒక అమ్మాయి తన ఆచార్యులవారి ముందు తల వంచుకోవలసి వచ్చింది. పై చదువుల్లో పరిశోధన వ్యాసం వ్రాయబోయే పిల్లలు మన సంఘ సభ్యుల ఇండ్లలో చాలామంది ఉన్నారు. వారికి ఏమైనా పనికి వస్తుందేమోనని ఆ సంగతి దాచకుండా వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. నేను చరిత్రకారుణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆగిపోయినవాణ్ణి. నాన్నగారు పోయిన తరువాత రైల్వేలో గుమాస్తా పని దొరికింది. సొంత ఊరు విడిచి, ఈ హోసూరు వచ్చి స్థిరపడ్డాను. నాకు తెలిసినదల్లా సరుకు, రసీదు, తూకం, తేదీ. పరిశోధనకు కూడా కావలసినవి చాలావరకు అవేనని ఈ మధ్యనే తెలిసింది.

విషయం వేరు, ప్రశ్న వేరు

మేము అద్దెకున్న ఇంటివారు తెలుగువారు. మాకువలె బ్రతుకుతెరువుకు ఈ మధ్య వచ్చినవారు కారు. ఎన్ని తరాలుగా ఈ నేలమీద ఉన్నారో వారికే తెలియదు. పెద్దావిడ అత్తవారిది కృష్ణగిరి. ఆవిడ మనుమరాలు ఎం.ఏ. చరిత్ర చదువుతున్నది. చివరి సంవత్సరంలో ఒక పరిశోధన వ్యాసం సమర్పించవలె. ఆ అమ్మాయి మొదట పెట్టుకొన్న విషయం ఇది: “హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువారి చరిత్ర – ప్రాచీన కాలంనుంచి నేటివరకు.”

నాకు ఎంతో నచ్చింది. ఆచార్యులవారికి నచ్చలేదు. వారు మూడు ప్రశ్నలు వేసి పంపివేశారట.

మొదటిది, ప్రాచీన కాలం అంటే ఎక్కడ మొదలు పెడతావు? ఇదే కృష్ణగిరి జిల్లాలో మయిలాడుంపారై త్రవ్వకాలలో ఇనుము దొరికిన పొరను పరీక్షించి, అది క్రీ.పూ. 2172 నాటిదని 2022లో ప్రకటించారు. అక్కడ మొదలుపెట్టి ఆరు నెలలలో నేటివరకు రాగలవా?

రెండవది, హోసూరు, కృష్ణగిరి అని ఒక్క ఊపిరిలో అంటున్నావే, అవి రెండూ ఒకే చరిత్రలో నడిచాయా? బారామహల్ అని పేరుపడిన కృష్ణగిరి ప్రాంతం 1792లో శ్రీరంగపట్టణం సంధివల్ల టిప్పు సుల్తాను చేతినుంచి ఇంగ్లీషు కంపెనీకి వచ్చింది. అలెగ్జాండరు రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో, అక్కడ భూములు కొలిచి శిస్తులు కట్టారు. మన్రో పేరుతో మన రాయలసీమలో నేటికీ చెప్పుకొనే రైత్వారీ పద్ధతికి పునాది పడింది ఈ బారామహల్‌లోనే. కాని ఘాటుమీద ఉన్న హోసూరు మాత్రం ఆనాడు కంపెనీకి రాలేదు. 1799లో టిప్పు మరణించిన తరువాతనే వచ్చింది. ముప్పది మైళ్ళ దూరంలో ఉన్న రెండు ఊళ్ళకు ఏడేండ్ల తేడా! రెంటినీ కలిపి ఒక్క వాక్యం వ్రాస్తే ఆ వాక్యం ఏదో ఒక ఊరికి అబద్ధమవుతుంది.

మూడవది, ఆధారాలు ఎక్కడ వెదుకుతావు? కృష్ణగిరి జిల్లా పుట్టింది 2004లో. అంతకు ముందు ఇది ధర్మపురి జిల్లా. ఆ ధర్మపురి జిల్లా 1965లో సేలం జిల్లానుంచి విడివడింది. కాబట్టి పాత కాగితాలు కావలసినవాడు సేలం పేరు పట్టుకొని వెదకవలె. కృష్ణగిరి జిల్లా అని అడిగితే “లేవు” అన్న జవాబే వస్తుంది. లేనిది కాగితం కాదు, అడిగే తీరు.

అమ్మాయి ఇంటికి వచ్చి, “అన్నా, నా విషయం పనికిరాదంట” అని ఏడ్చినంత పని చేసింది. నాకు మాత్రం ఆచార్యులవారిమీద గౌరవం కలిగింది. వారు విషయాన్ని కాదనలేదు. ప్రశ్న ఏదని అడిగారు. ‘తెలుగువారి చరిత్ర’ అన్నది విషయం. దానికి అవునని గాని కాదని గాని జవాబు చెప్పలేము. జవాబు చెప్పటానికి వీలున్నదే ప్రశ్న. ఆ జవాబు చెప్పటానికి అవసరమైన కాగితం మన చేతికి అందేదిగా కూడా ఉండవలె.

అవ్వ పెట్టె

అందే కాగితం ఇంట్లోనే ఉన్నది. అటకమీద ఒక రేకుపెట్టె. పెద్దావిడ మామగారు కృష్ణగిరిలో చింతపండు వర్తకులు. ఆయన లెక్కల పుస్తకాలు అందులో ఉన్నవి.

“మా మామ పెట్టె అది నాయనా. పారేయొద్దని చెప్పి పోయినాడు. అయినా పెండ్లికి సున్నం కొట్టేటప్పుడు సగం కాగితాలు తూకానికి వేసేసినారు. మిగిలింది అంతే ఉండాది” అన్నది అవ్వ.

ఆ మాట విని నాకు ప్రాణం ఉసూరుమన్నది. మిగిలినవి అయిదేండ్ల లెక్కల పుస్తకాలూ, దారంతో కట్టిన కొన్ని రసీదులూ.

ఇక్కడ రెండవ చిక్కు వచ్చింది. అమ్మాయి ఇంట్లో తెలుగు గలగల మాట్లాడుతుంది. కాని ఒక్క అక్షరం చదవలేదు. బడిలో నేర్చుకొన్నది తమిళం, ఇంగ్లీషు. పుస్తకాలేమో తెలుగులో, అదీ గొలుసుకట్టు వ్రాతలో ఉన్నవి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకొంటూ పోయే ఆ వ్రాతను అచ్చు తెలుగు మాత్రమే చదివినవారు కూడా చదవలేరు. మా తాతగారి ఉత్తరాలు చదివిన అలవాటు కొంచెం ఉన్నందువల్ల నేను చదివి చెప్పటానికి ఒప్పుకొన్నాను. ఆదివారాలు నేను చదవటం, అమ్మాయి ఇంగ్లీషులో వ్రాసుకోవటం. అలా మా పరిశోధన ఆరంభమైంది.

మొదటి ధాత

మొదటి పుస్తకంలోనే ఒక పద్దు కనిపించింది: ధాత సంవత్సరం మాఘమాసం, కృష్ణగిరి స్టేషను, చింతపండు నూరు మణుగులు, రైలు బాడుగ, తిరుపత్తూరులో మార్పు కూలి.

ధాత అనగానే నా ఒళ్ళు జలదరించింది. ఈ ప్రాంతంలో ముసలివారు ఇప్పటికీ ‘దాతు కరువు’ అని చెప్పుకొంటారు. అది 1876–78 నాటి మహా కరువు. ధాత, ఈశ్వర సంవత్సరాలలో దక్షిణదేశాన్ని ఊపివేసిన కరువు అది. “పాపా, ఇది కరువునాటి పుస్తకం! 1877వ సంవత్సరం! ఇంతకంటె గొప్ప ఆధారం ఏమి కావలె?” అన్నాను. అమ్మాయి నా మాట నమ్మి తన ప్రణాళిక పత్రంలో మొదటి వాక్యంగా అదే వ్రాసుకొని పోయింది.

ఆచార్యులవారు చదివి ఒక్కటే అడిగారట: “1877లో కృష్ణగిరికి రైలెక్కడిదమ్మా?”

ఈ ప్రశ్న అడగవలసినవాణ్ణి నేను. రైల్వే ఉప్పు తింటున్నవాణ్ణి. కృష్ణగిరి రైలు కథ మా పాత ఉద్యోగులు చెప్పగా విన్నవాణ్ణి. తిరుపత్తూరునుంచి కృష్ణగిరికి రెండున్నర అడుగుల చిన్న పట్టాలమీద, దాదాపు 25 మైళ్ళ రైలుమార్గం 1905లో మొదలైంది. అటువంటిదే మొరప్పూరునుంచి ధర్మపురికి 1906లో వచ్చి, 1913లో హోసూరుదాకా సాగింది. ఆ మహా కరువులో ధాన్యం ఉన్నచోటునుంచి లేనిచోటికి చేరక జనం చనిపోయారు. అందువల్లనే 1880 నాటి కరువు కమిషను రైలుమార్గాలు వేయాలని చెప్పింది. ఈ చిన్న రైళ్ళు ఆ ఆలోచనకు పుట్టిన బిడ్డలు. అంటే కరువు ముందు, రైలు తరువాత. కరువునాటి పుస్తకంలో ఆ కరువువల్ల పుట్టిన రైలు ఎలా ఉంటుంది?

అవ్వ మామగారి ధాత ఆ ధాత కాదు. అరువదేండ్ల తరువాత వచ్చిన ధాత, 1936–37. మాఘమాసం కాబట్టి ఇంగ్లీషు లెక్కకు 1937. దానికి రుజువు కూడా ఆ పెట్టెలోనే దొరికింది. అదే పుస్తకంలో, అదే మాఘంలో, శిస్తు కట్టినట్లు ఒక పద్దు ఉన్నది. దాని తాలూకు రసీదుమీద ఫసలీ 1346 అని ఉన్నది. రెవిన్యూవారి ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ ఏడు జూలైలో మొదలవుతుంది. 1346కు 590 కలిపితే 1936. జూలై 1936నుంచి జూన్ 1937వరకు. మాఘం అందులో సరిగా ఇముడుతుంది.

ఈ సంగతినుంచి పిల్లలు నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉన్నది. మన కాగితాలలో మూడు విధాల కాలం కనిపిస్తుంది. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరువదేండ్ల అనుమానం ఉన్నట్లే. శాలివాహన శకం ఉంటే 78 కలుపుకోవలె. ఉగాదికి ముందరి మాసాలైతే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకు పోతుంది. ఫసలీ ఉంటే 590 కలుపుకోవలె. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మదగినది కాదు. రెండు కలిసి ఒకే మాట చెప్పినప్పుడు మాత్రమే తేదీ నిలుస్తుంది. ముఖ్యంగా, గుండె ఝల్లుమన్న చోటనే కలం ఆపవలె. నేను ఆ పుస్తకం గొప్పది కావాలని కోరుకొన్నాను. ఆ కోరికే నా కళ్ళకు గంతలు కట్టింది.

రెండు మణుగులు

ఆ తరువాత జరిగినది ఇంకా బాధాకరం.

దారంతో కట్టిన కట్టలో రైలు రసీదులు ఏడు దొరికినవి. ఇంగ్లీషులో ఉన్నవి కాబట్టి అమ్మాయే చదివింది. మాఘమాసపు పద్దుకు సరిపడే రసీదు తీసి, పుస్తకం పక్కన పెట్టి చూచింది. పుస్తకంలో నూరు మణుగులు. రసీదులో 30 మణుగుల 15 సేర్లు. తక్కినవి కూడా అంతే; పుస్తకంలో ఎప్పుడూ మూడింతలకు పైగా ఎక్కువ.

“అన్నా, పెద్దతాత దొంగలెక్క వ్రాసినాడా?” అని అడిగింది మెల్లగా.

మెల్లగానే అడిగినా అవ్వ వినింది. ఏమీ అనలేదు. లేచి వచ్చి పుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకొన్నది. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడవరోజు నేను నమస్కారం పెడితే, “చచ్చి స్వర్గాన ఉన్న మనిషిని ఇప్పుడు కోర్టుకు ఎక్కిస్తారా నాయనా?” అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి పడుకొన్నానేగాని నిద్ర లేదు. మూడింతలకు పైగా తేడా అన్నారు. అన్ని పద్దులలోనూ ఒకే పాలు. దొంగలెక్క అయితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండవలె. ఇంత నికరంగా తప్పు వ్రాసే దొంగ ఎవడు? అప్పుడు గూడ్సు ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకప్పుడు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. పాత రైల్వే లెక్కలలో మణుగంటే 40 సేర్లు, ఇంగ్లీషు తూకానికి 82 పౌన్లు, ఆ పైన పౌనులో ఏడింట రెండు పాళ్ళు. మద్రాసు సీమలో బజారు మణుగు అది కాదు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. అది 25 పౌన్లు మాత్రమే.

లేచి దీపం వేసి లెక్క కట్టాను. నూరు బజారు మణుగులు అంటే 2,500 పౌన్లు. దానిని రైలు మణుగుతో భాగిస్తే 30 మణుగుల 15 సేర్లు, ఆ పైన కొంచెం చిల్లర. రసీదులో ఉన్నది అదే!

తెల్లవారగానే అమ్మాయికి చూపించాను. ఆ అమ్మాయి నన్నుకూడా నమ్మక, తానే మళ్ళీ లెక్క కట్టింది. అది చూచి నాకు సంతోషమైంది. ధాత విషయంలో నన్ను నమ్మి మోసపోయిన పిల్ల ఇప్పుడు నమ్మకుండా సరిచూస్తున్నది. పరిశోధన రావటం అంటే ఇదే. తరువాత అవ్వ దగ్గరకు పోయి తమలపాకుల పళ్ళెం పక్కన కూర్చుని, “అవ్వా, తాత లెక్క సరిగ్గా ఉండాది. మాకే తూకం తెలియలేదు” అన్నది. అవ్వ కొంగున ఉన్న తాళంచెవి తీసి ఇచ్చింది. “అది నాకు తెలుసు. మీకు తెలియాలనే ఊరకుండినాను” అన్నది.

ఏడు రసీదులలో ఆరు ఈ లెక్కకు సరిపోయినవి. ఒకటి సరిపోలేదు, నలువది మణుగుల తేడా ఉన్నది. దానిని ఏమి చేయవలె? అమ్మాయి వదిలివేద్దామన్నది. వద్దన్నాను. మా ఆఫీసులో ఒక్క మూట తక్కువ వచ్చినా ఆ రోజు చిట్టాలో “తక్కువ” అని వ్రాసి సంతకం పెట్టవలసిందే. కలిసిన ఆరింటిని చూపి, కలవని ఒకటి దాచితే ఆ ఆరింటికీ విలువ పోతుంది. ఆ ఏడవది కూడా వ్యాసంలో ఉన్నదున్నట్లు చేరింది.

‘అంట’ అనే సాక్ష్యం

ఇప్పుడు ప్రశ్న తానంతట తానే దొరికింది. పుస్తకాలు ముందుకు పోయేకొద్దీ ‘రైలు బాడుగ’ పద్దులు పలుచబడి, ‘లారీ బాడుగ’ అనే మాట ఎక్కువ కనిపించసాగింది. ఆ చిన్న రైలు 1941లో మూతపడింది. కృష్ణగిరి ఊరికి ఆనాడు పోయిన రైలు నేటికీ రాలేదు. హోసూరుకు మాత్రం తరువాత సేలం–బెంగళూరు మార్గం వచ్చింది. మేము పనిచేసేది దానిమీదనే.

అవ్వను అడిగితే, “పట్టాలు పీకి యుద్ధానికి తీసుకుపోయినారంట” అన్నది. మన భాషలో ఈ ‘అంట’ చాలా విలువైన మాట. చెప్పేవారు చూచినది కాదు, విన్నది అని ఆ ఒక్క తోకే చెబుతుంది. అవ్వ ఆ ఇంటికి కోడలుగా వచ్చింది రైలు పోయిన ఎన్నో ఏండ్లకు. ఆమె అబద్ధం చెప్పలేదు. సాక్షిని కానని తానే చెప్పింది. పెద్దవారి మాటలు వ్రాసుకొనే పిల్లలు వాటిని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఈ ‘అంట’ను జారవిడుస్తారు. అక్కడ విన్న మాట చూచిన మాటగా మారిపోతుంది.

రైలు యుద్ధంవల్ల పోయిందా, లేక అంతకు ముందే లారీ దాని నోటి కూడు లాగివేసిందా? ఈ అనుమానం మన కృష్ణగిరికే కాదు, ఆనాడు దేశమంతటా ఉన్నది. రోడ్డుకూ రైలుకూ నడుమ పోటీని పరిశీలించి మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు 1933లో ఒక నివేదికే ఇచ్చారు. ఒక చిన్న ఊరి వర్తకుడి పుస్తకాన్ని ఆ పెద్ద నివేదిక పక్కన పెట్టి చూడవచ్చును. చివరకు అమ్మాయి ప్రశ్న ఇలా కుదిరింది: 1936నుంచి 1941వరకు ఒక కృష్ణగిరి చింతపండు వర్తకుడు ఏ సరుకును రైలుకు ఇచ్చాడు, ఏ సరుకును లారీకి ఇచ్చాడు, ఎందుకు?

చూడండి, ఎంత చిన్నదయిందో! ఒక ఊరు, ఒక సరుకు, అయిదేండ్లు. ఆచార్యులవారు ఈసారి సంతకం పెట్టారు. చిన్నది కావటంవల్ల అది లోతైనది. తిరుపత్తూరులో చిన్న పట్టాలనుంచి పెద్ద పట్టాలకు మూటలు మార్చటానికి ఎంత కూలి అయిందో ఆ పుస్తకంలో పద్దు పద్దుకూ ఉన్నది. లారీకి ఆ ఖర్చు లేదు. అంగడి గుమ్మంనుంచి నేరుగా పోతుంది. బాడుగ మాత్రమే పోల్చిచూచేవారికి ఈ మార్పు కూలి కనిపించదు. బహుశా జవాబు అక్కడే ఉన్నదేమో. ఉన్నదని ఇప్పుడే అనరాదు, లెక్కలన్నీ కూడిన తరువాత చెప్పవలె.

పని ఏర్పాటు

పని ఏర్పాటు గురించి నాలుగు మాటలు. బండికి టైంటేబిల్ ఉన్నట్లే వ్యాసానికీ ఉండవలె. మేము చేసినది ఇది. మొదటి నెల ప్రశ్న కుదుర్చుకోవటానికి, ఆ విషయంమీద ఇదివరకు అచ్చయిన పుస్తకాలు చూడటానికి. రెండు నెలలు ఆధారాలు సేకరించటానికి. ఒక నెల లెక్కలు కూడటానికి, పోల్చటానికి. ఒక నెల వ్రాయటానికి. చివరి నెల ఖాళీ. ఆ ఖాళీ నెల చూచి అమ్మాయి నవ్వింది. బండి ఆలస్యమైతే సరిపెట్టుకోవటానికి మేము కూడా కొన్ని నిమిషాలు విడిచిపెడతామని చెప్పాను. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పత్రాగారంలో అనుమతి తీసుకొని కాగితాలు తెప్పించుకొనేటప్పటికే ఆ ఖాళీలో సగం ఖర్చయింది.

వ్రాసుకొనే పద్ధతి కూడా చెబుతాను. ఒక కాగితం ముక్కమీద ఒకే సంగతి. దాని కింద అది ఎక్కడ దొరికింది, ఏ పుస్తకం, ఏ పుట, ఏ రోజు చూచాము. మన ఊహ ఏదైనా ఉంటే వేరే రంగు సిరాతో. ఊహా ఆధారమూ ఒకే సిరాలో ఉంటే మూడు నెలల తరువాత ఏది ఏదో మనకే తెలియదు. ప్రతి పుటనూ ఫోనుతో ఫోటో తీయటం సులువే. కాని ఫోటో తీసినంత మాత్రాన చదివినట్లు కాదు. అమ్మాయి ఫోనులో మూడువందల ఫోటోలు చేరిన తరువాత గాని ఆ సంగతి మాకు తెలియలేదు.

చదివేవారు కావలె

ఇక అసలు మాట. కర్నలు కాలిన్ మెకంజీ దక్షిణదేశపు ఊరూరి కైఫీయతులు సేకరించాడని అందరూ చెప్పుకొంటారు. ఆయనకు దేశభాషలు రావు. వాటిని వెదకి, చదివి, అర్థం చెప్పినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మొదలైన మనవారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోతే లక్ష్మయ్య ఆ పని సాగించాడు. చదివేవారు లేకపోతే మెకంజీ పెట్టెలు కూడా అవ్వ పెట్టెవంటివే.

మల్లంపల్లి సోమశేఖర శర్మగారికి విశ్వవిద్యాలయ పట్టా లేదు. అయినా శాసనాలు చదివి చదివి రెడ్డిరాజ్యాల చరిత్ర వ్రాస్తే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని 1948లో అచ్చువేసింది. సురవరం ప్రతాపరెడ్డిగారు జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నదే చరిత్రగా వ్రాశారు. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకే 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చింతపండు లెక్క చరిత్ర అవుతుందా అని సందేహించేవారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

ఈ ప్రాంతంలో పుట్టిన మన పిల్లలు ఇప్పుడు తెలుగు మాట్లాడుతున్నారు, చదవలేకపోతున్నారు. 2006లో తమిళనాట వచ్చిన చట్టం ప్రకారం ఒకటవ తరగతినుంచి మొదలుపెట్టి అంచెలంచెలుగా తమిళం అందరికీ తప్పనిసరి పాఠమైంది. తమిళం నేర్చుకోవటం మంచిదే. ఈ నీళ్ళు త్రాగి బ్రతికేవారికి ఆ భాష రావలసిందే. ఎగ్మూరులో ఈ అమ్మాయి పని జరిగింది ఆ తమిళంవల్లనే. కాని తెలుగు అక్షరం బడిలో దొరకనప్పుడు ఇంట్లోనైనా దొరకవలె కదా. అటకమీది పెట్టెలో ఏమున్నదో తమిళం చదివినవారు చెప్పలేరు, ఇంగ్లీషు చదివినవారూ చెప్పలేరు. గొలుసుకట్టు చదవగల ముసలివారు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు పోయిన తరువాత ఆ కాగితం ఉన్నా ఒకటే, తూకానికి వేసినా ఒకటే.

అందుచేత సంఘ సభ్యులకు నా విన్నపం. మనం వలస వచ్చినవారం. మనకంటె ముందునుంచి ఇక్కడ ఉన్న తెలుగు ఇండ్లతో మనకు స్నేహాలు ఉన్నవి. సున్నాలు కొట్టించేటప్పుడు, ఇల్లు మారేటప్పుడు, పాత కాగితాలను తూకానికి వేయకముందు ఒక్కసారి విప్పి చూడమని చెప్పండి. పాత వ్రాత చదవగలవారు ఎవరైనా ఉంటే వారంలో రెండు గంటలు ఒక విద్యార్థికి ఇవ్వండి. చదివి చెప్పటంతో ఆగక అక్షరాలు కూడా నేర్పండి. మేము ఆలస్యంగా మొదలుపెట్టాము. ఆదివారం లెక్కలు ముగిసిన తరువాత ఒక అరగంట గుణింతం. మొన్న అమ్మాయి పుస్తకంలోని ఒక పద్దు తానే చదివింది. ‘మార్పు కూలి’ని ‘మార్చు కూలి’ అని చదివింది. అవ్వ నవ్వింది. నేను దిద్దాను.

వ్యాసం ఈ వేసవిలో సమర్పించవలె. జవాబు ఏమి వస్తుందో మాకు ఇంకా తెలియదు. వచ్చే ఉగాది సంచికకు అది తెలిసి ఉంటుంది. ఈలోగా ఎవరి ఇంట్లోనైనా 1941కి ముందరి కృష్ణగిరి రైలు రసీదు ఒక్కటి ఉన్నా మాకు కబురు చేయ ప్రార్థన. మా ఏడవ రసీదుకు తోడు కావలె.